పుచ్చిన దుంగలో చిటుకు పురుగు

తొలకరి పడ్డ రాత్రి వరండాలో లైటు వేస్తే వచ్చి వాలే పురుగుల్లో ఒకదాని తీరు వేరు. సన్నగా పొడుగ్గా ఉంటుంది, రంగు గోధుమో నలుపో. గచ్చు మీద వెల్లకిలా పడితే పేడపురుగులా కాళ్ళు కొట్టుకుంటూ ఉండిపోదు. ఒక్క క్షణం బిగుసుకుంటుంది. టక్‌మని చప్పుడు. జానెడెత్తు లేచి, గాల్లో పల్టీలు కొట్టి ఇంకెక్కడో పడుతుంది. కాళ్ళ మీద పడితే చల్లగా నడిచిపోతుంది, లేదంటే మళ్ళీ టక్. పిల్లలకు ఇదో ఆట. రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే తల ఊపుతూ టకటకలాడుతుంది. దీన్ని ఇక్కడ చిటుకు పురుగు అందాం.

వరండాలో కనిపించేది దాని బతుకులో చివరి అంకం. పెద్దపురుగుగా మారాక బతికేది కొన్ని వారాలో నెలలో మాత్రమే. అంతకు ముందు కాలమంతా పిల్లపురుగుగా చీకట్లో గడిచిపోతుంది. ఈ కుటుంబంలో ప్రపంచమంతా కలిపి సుమారు పదివేల జాతులున్నాయి. కొన్ని మట్టిలో పెరుగుతాయి, చాలా వాటికి పుట్టిల్లు చచ్చిన చెట్టు. కూలిన దుంగ, పుచ్చిన మోడు, పాత చెట్టు తొర్రలో పేరుకున్న పొడి, బెరడు కింద తేమ. గోదావరి డెల్టాలో ఇలాంటి కర్ర ఎక్కడైనా దొరుకుతుంది గానీ, ఎక్కువగా దొరికేది కోనసీమ కొబ్బరితోటల్లో. అదే కర్రలో కొబ్బరి రైతుకు పగవాడైన కొమ్ము పురుగు కూడా పెరుగుతుంది. అందుకే చచ్చిన కర్రను ఏం చేయాలన్న ప్రశ్న ఇక్కడ పైకి కనిపించినంత తేలిక కాదు. తగలబెట్టమని ఒక్క మాటలో చెప్పే సలహా సగమే సరైనది. ఆ సగం ఎంతవరకో తేలాలంటే దుంగ లోపలికి చూడాలి.

ముందు ఆ టక్కు సంగతి. పురుగు రొమ్ము ముందుభాగానికి అడుగున, వెనక్కి తిరిగి ఒక ముల్లు ఉంటుంది. సరిగ్గా దానికి ఎదురుగా రొమ్ము నడిమిభాగంలో ఒక గుంట. వెల్లకిలా పడ్డ పురుగు వీపును విల్లులా వంచి ముల్లు కొనను గుంట అంచుకు తన్నిపెడుతుంది. లోపల కండరం లాగుతూనే ఉంటుంది, ముల్లు మాత్రం కదలదు. ఆ లాగుడంతా పెంకులోనూ దాని చుట్టూ ఉన్న మెత్తటి భాగాల్లోనూ నిలవ చేరుతుంది, ఉండేలు రబ్బరు సాగదీసి పట్టుకున్నట్టు. ఉన్నట్టుండి ముల్లు అంచు దాటి గుంటలోకి జారుతుంది. నిలవ ఉన్న బలమంతా ఒక్కసారి విడుదలై వంగిన వీపు తిరగబడుతుంది, ఆ ఊపుకే పురుగు లేస్తుంది. కాళ్ళకు ఇందులో పనే లేదు. బ్రిటిష్ శాస్త్రవేత్త ఇవాన్స్ 1972లో ఒక జాతిని కొలిచి చూస్తే, సెంటీమీటరు పొడవున్న పురుగు 30 సెంటీమీటర్ల ఎత్తు దాకా లేచింది. లేచే క్షణంలో దాని త్వరణం గురుత్వానికి 380 రెట్లు! యుద్ధవిమానం నడిపేవాళ్ళకు 9 రెట్ల దగ్గరే కళ్ళు చీకట్లు కమ్ముతాయి. ఇదంతా ఒక మిల్లీసెకనులోపే జరిగిపోతుంది. 2021లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయ బృందం బతికున్న పురుగును ఎక్స్ కిరణాల కింద పెట్టి, క్షణంలో వేలో వంతు కదలికలను చిత్రీకరించి ఈ బిగింపూ విడుదలా ఎలా సాగుతాయో లెక్కకట్టింది. ఇంతా చేసి పురుగు ఎటు పడేదీ దాని చేతిలో లేదు. దూకుడు వరకే దాని వంతు.

ఇంత హడావిడి చేసే పురుగు బాల్యం చూస్తే మాత్రం అదీ ఇదీ ఒకటేనా అనిపిస్తుంది. పిల్లపురుగు తీగముక్కలా ఉంటుంది. పసుపు గోధుమ రంగు, నూనె రాసినట్టు మెరుపు, వేళ్ళతో నొక్కినా నలగని గట్టితనం. ముందువైపు మూడు జతల పొట్టికాళ్ళు, తల చప్పిడిగా ఉలిలా ఉంటుంది. చాలా జాతుల్లో తోక చివర రెండు కొక్కేల్లాంటి కొమ్ములు. మట్టిలో బతికే రకాలు యూరప్ బంగాళాదుంప పొలాల్లో దుంపలకు బెజ్జాలు పెట్టి చాలా చెడ్డపేరు తెచ్చుకున్నాయి. ఆ చెడ్డపేరే పుస్తకాల్లోకెక్కి మొత్తం కుటుంబానికి అంటుకుంది. కర్రలో బతికే రకాల సంగతి వేరు. అవి కర్రను పెద్దగా తినవు. బూజు పట్టి మెత్తబడ్డ కర్రలో సొరంగాలు వెతుక్కుంటూ, అక్కడ దొరికే ఇతర పురుగుల పిల్లలను వేటాడే జాతులు వీటిలో ఎన్నో. తినే పద్ధతి కూడా విచిత్రం. నమిలి మింగవు. దవడలతో చీల్చి, జీర్ణరసం బయటికే వదిలి, వేట కరిగి రసమయ్యాక పీలుస్తాయి. నోటి చుట్టూ ఉన్న వెంట్రుకల కుచ్చు వడపోత గుడ్డలా పనిచేస్తుంది.

ఇప్పుడు దుంగ. డెల్టాలో సహజమైన అడవి అంటే కోరింగ వైపు మడ అడవులే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక మిగిలిన నేల చాలావరకు వరికీ కొబ్బరికీ అరటికీ పోయింది. కనుక ముసలి చెట్టు, చచ్చిన కర్ర ఇక్కడ అడవిలో కాదు, మనుషుల మధ్యే ఉంటాయి. గుడి దగ్గర రావి, రోడ్డు పక్క నిద్రగన్నేరు, దొడ్లో మామిడి మోడు, చేనుగట్టు మీద తాడి, బోదె మీద వంతెనగా వేసిన కొబ్బరి దుంగ.

కొబ్బరి దుంగ మిగతా కర్రల్లా పుచ్చదు. టేకుకూ చింతకూ చేవ లోపల ఉంటుంది, బయటి పొర మెత్తన. కొబ్బరికి ఇది తల్లకిందులు. గట్టిదనమంతా బయటి అంచునే, నడుమ దూది లాంటి మెత్తటి బెండు. అందుకే కూలిన కొబ్బరి మాను పైకి ఎప్పటిలాగే కనిపిస్తుంది, తడితే డోలులా మోగుతుంది. లోపల మాత్రం రెండు వానాకాలాలు దాటేసరికి ముద్దయిపోతుంది. గొడ్డలితో నిలువునా చీలిస్తే నల్లటి కాఫీపొడి లాంటి తడిపొడి రాలుతుంది. పుట్టగొడుగుల వాసన, దానితో పాటు పులిసిన కల్లు లాంటి పుల్లటి వాసన. ఆ పొడిలో బొటనవేలంత లావున, తెల్లగా, కొడవలిలా వంగి, గోధుమరంగు తలతో పడుకుని ఉండేది కొమ్ము పురుగు పిల్ల. దాని చుట్టూ అది వేసిన గింజల్లాంటి పెంటికలు. అక్కడే, పొడికీ గట్టి అంచుకీ మధ్య సందులో, ఓ తీగముక్క చటుక్కున జారుకుంటే అది చిటుకు పురుగు పిల్ల కావచ్చు. కాస్త జాగ్రత్తగా చూడాలి, ఇదే పోలికతో ఉండే వేరే పెంకుపురుగుల పిల్లలూ ఈ పొడిలో తిరుగుతుంటాయి. తోక చివర కొక్కేలున్నాయేమో చూసుకోవడం తేలికైన గుర్తు, అదీ ప్రతిసారీ కుదరదు.

కొమ్ము పురుగు పిల్ల కొబ్బరి చెట్టుకు చేసే హాని శూన్యం. అది తినేది చివికిన కర్రా, పెంటా మాత్రమే. అన్యాయమంతా పెద్దయ్యాకే. రాత్రిపూట ఎగిరివచ్చి మొవ్వులోకి దిగి, ఇంకా విప్పారని ఆకుల్ని కొరికి రసం పీలుస్తుంది. ఆ ఆకు విచ్చుకున్నాక చూస్తే కత్తెరతో త్రికోణాలుగా కత్తిరించినట్టు ఉంటుంది. దింపుకు ఎక్కినవాళ్ళు ఇనుప కొక్కెంతో గుచ్చి దాన్ని బయటికి లాగుతారు. మొవ్వు మరీ దెబ్బతింటే లేత మొక్క చచ్చిపోతుంది. పెద్దచెట్టు అయితే ఆ గాయంలోంచే ఎర్రముక్కు పురుగు లోపలికి దూరుతుంది, అప్పుడు ఇక చెట్టు మీద ఆశ వదులుకోవాలి. చిటుకు పురుగుది సరిగ్గా దీనికి ఎదురు లెక్క. పెద్దదానివల్ల తోటకు లాభమూ లేదు నష్టమూ లేదు. దాని పనంతా పిల్లగా ఉన్నప్పుడే. ఒకే దుంగలో పగవాడి ఊయలా, వాణ్ని తినేవాడి ఊయలా పక్కపక్కనే ఉన్నాయన్నమాట.

తినడమన్నది ఊహ కాదు. కొబ్బరి మీద పనిచేసే కాసరగోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధనా సంస్థ కొమ్ము పురుగు పెరిగే చోట్ల దాని గుడ్లనూ లేత పిల్లలనూ తినే పురుగుల జాబితా ఇచ్చింది. అందులో నేలమీద పరుగులెత్తే పెంకుపురుగులున్నాయి, నల్లటి చెవిపురుగు ఒకటి ఉంది, వాటితో పాటు చిటుకు పురుగుల కుటుంబంలోని అగ్రిప్నస్ అనే జాతుల గుంపూ ఉంది. గమనించాల్సిన మాట ‘గుడ్లు, లేత పిల్లలు’. బొటనవేలంత అయిన పిల్లను తీగముక్క తేలిగ్గా లొంగదీసుకోలేదు. పని అంతా మొదటి కొన్ని వారాల్లో జరగాలి.

ఇలాంటి జోడు ఒక్క కొబ్బరిలోనే కాదు. స్వీడన్ ఓక్ చెట్ల తొర్రల్లో ఎర్రటి చిటుకు పురుగు ఒకటి ఉంది, పేరు ఎలాటర్ ఫెర్రూజినియస్. అదే తొర్రలో ఆస్మోడెర్మా అనే పెంకుపురుగు పిల్లలు పెరుగుతాయి. కొమ్ము పురుగుకు దూరపు చుట్టమే, పిల్ల కూడా అలాగే తెల్లగా వంగి ఉంటుంది. ఆస్మోడెర్మా మగపురుగు ఆడదాన్ని పిలవడానికి పండిన పీచ్ పండు వాసన లాంటి ఒక వాసన వదులుతుంది. ఆ వాసనను ఆడపురుగుతో పాటు చిటుకు పురుగు కూడా పట్టేస్తుంది. అంటే అక్కడ తొర్ర ఉందని, తొర్రలో తన పిల్లలకు తిండి ఉందని దానికి కబురందినట్టే. పెళ్ళి బాజా విని విందుకు వచ్చే పిలవని పేరంటం ఇది. ప్యూర్టోరికో చెరకు తోటల్లో వేరు పురుగులను తినే చిటుకు పురుగు మరో అడుగు ముందుంది. దాని మెడ దగ్గర రెండు దీపాలు కూడా వెలుగుతాయి! ఆ దీపాల రకాలు చాలావరకు అమెరికా ఖండాలవైపు. డెల్టాలో వెలిగే మిణుగురులు వేరే కుటుంబం.

ఇంతవరకు చదివితే చిటుకు పురుగును రైతుమిత్రుడని పొగిడి, దుంగలన్నీ అలాగే వదిలేయమనాలనిపిస్తుంది. అది అతి. లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. కొమ్ము పురుగు గుడ్డు నుంచి పెద్దపురుగయ్యేందుకు తిండినీ వేడినీ బట్టి నాలుగు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. ఒక్క ఆడపురుగు వంద గుడ్ల దాకా పెడుతుంది. చిటుకు పురుగు కుటుంబం మాత్రం నింపాదిగా పెరిగే రకం, చల్లటి దేశాల్లో కొన్ని జాతుల పిల్లలకు మూడు నుంచి ఐదేళ్ళు పడుతుంది. డెల్టా వేడికి ఆ కాలం తగ్గుతుందనుకున్నా, పగవాడి పరుగును నింపాదిగా నడిచేవాడు అందుకోలేడు. ఎప్పటిలాగే ఉన్న తోటలో, అక్కడొకటి ఇక్కడొకటి మోడు ఉన్నప్పుడు, మిగతా వేటగాళ్ళతో కలిసి కొంత పట్టి ఉంచగలదు. ఒక్కసారిగా వేల దుంగలు నేలకూలితే దానివల్ల కాదు.

అలా కూలిన రోజు కోనసీమకు తెలుసు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది, లక్షల కొబ్బరి చెట్లను పడగొట్టింది. మొవ్వు విరిగిన చెట్టూ, వేళ్ళతో లేచిన చెట్టూ, నిలువునా నిలబడి చచ్చిన మోడూ, ఏదైనా కొమ్ము పురుగుకు ఒకటే. తుఫానైన కొన్ని నెలలకు దాని బెడద పెరగడం కొబ్బరి పండే దేశాలన్నింటికీ అనుభవమే. కూలిన దుంగ చివికేలోగానే దాన్ని ముక్కలు చేసి తరలించాలి. మనుషులే కోలుకోని రోజుల్లో ఆ పని ఎవరికీ గుర్తుండదు, గుర్తున్నా కూలి దొరకదు.

వేటగాళ్ళు బొత్తిగా లేకపోతే ఏమవుతుందో పసిఫిక్ దీవులు చూపించాయి. 1909లో శ్రీలంక నుంచి రబ్బరు మొక్కల మట్టితో పాటు కొమ్ము పురుగు సమోవా చేరింది. అక్కడ దానికి అలవాటైన శత్రువులు లేరు. పలావు దీవుల్లోకి రెండో ప్రపంచయుద్ధ కాలంలో అడుగుపెట్టి, పదేళ్ళు తిరిగేసరికి దాదాపు సగం కొబ్బరి చెట్లను చంపింది. బాంబులకు విరిగిన మానులు దానికి కావలసినంత ఇల్లు కట్టిపెట్టాయి. తర్వాత ఆయా దీవులకు రకరకాల వేటపురుగులను పట్టుకెళ్ళి వదిలారు, పెద్దగా ఫలితం రాలేదు. చివరికి పగ్గం వేసింది 1960లలో మలేషియాలో కనుగొని, 1967లో సమోవాలో వదిలిన ఒక వైరస్. ఈ కథలో వేటపురుగు పక్షాన వాదించేవాళ్ళకు రుచించని నీతి ఉంది. వేటపురుగు కాపలా కాయగలదు, యుద్ధం గెలవలేదు.

అలాగని కాపలావాణ్ని తరిమేయనక్కర్లేదు. ఏ కర్ర అన్నదే ఇక్కడ అసలు తేడా. కొబ్బరి, తాడి మానులు లోపలినుంచి ముద్దయ్యే రకం, కొమ్ము పురుగుకు అచ్చంగా సరిపోయే ఇల్లు. వాటిని తోటలో పడేసి ఉంచడంలో అర్థం లేదు. కోసి, నిలువునా చీల్చి, ఎండలో పడేస్తే చాలు. తడారిన కర్రలో అది గుడ్డు పెట్టదు. పొయ్యిలోకో ఇటుక బట్టీకో పోతే ఇంకా మంచిది. పెంటపోగును మూడు నెలలకోసారి తిరగేసి పిల్లల్ని ఏరడం పాత పద్ధతే, ఇప్పటికీ పనికొచ్చేదే. కోళ్ళను వదిలితే ఆ పని అవే చేస్తాయి, కాకపోతే కోడికి పగవాడూ కాపలావాడూ ఒకటే. పోగులో కొమ్ము పురుగును పట్టే మెటారైజియం బూజును కలిపితే పిల్లలు కొయ్యబారి పచ్చటి పొడి కప్పుకుని చస్తాయి. పురుగుమందు గుమ్మరిస్తే మాత్రం ఆ పోగులో చెవిపురుగూ మిగలదు, తీగపురుగూ మిగలదు. మళ్ళీ మొదట వచ్చి చేరేది కొమ్ము పురుగే. దానికి రెక్కలు బలం, పెంట వాసన మైళ్ళ దూరం తెలిసినట్టు వస్తుంది.

మామిడి, చింత, నేరేడు, రావి, నిద్రగన్నేరు మోళ్ళ లెక్క వేరు. ఇవి బయటినుంచీ కొమ్మ విరిగిన గాయాలనుంచీ మెల్లగా పుచ్చుతాయి. ఒక్కో మోడులో ఏళ్ళ తరబడి గట్టి కర్ర, మెత్తటి కర్ర, ఎర్రటి పొడి, బెరడు కింద తేమ అన్నీ ఒకేసారి ఉంటాయి. కొమ్ము పురుగు వీటిలో అసలు పెరగదని కాదు, బాగా చివికిన పొడి దొరికితే ఎక్కడైనా పెరుగుతుంది. కానీ ఎక్కువగా ఉండేది పొడుగు మీసాల కాండం తొలిచే పురుగుల పిల్లలు, వాటిని వేటాడే పెద్దజాతి చిటుకు పురుగుల పిల్లలు. అలాంటి పెద్దజాతుల్లో కొన్ని దక్షిణాసియాలో ఉన్నాయి. బూడిదరంగు బెరడులో కలిసిపోయే ఒళ్ళు, వీపు ముందుభాగాన రెండు నల్లటి దొంగకళ్ళు. పిట్టను బెదరగొట్టడానికి కాబోలు ఆ కళ్ళు. మామిడి తోటలో కాండం తొలుచు పురుగు పట్టి ఇక కోలుకోని చెట్టును కొట్టి కాల్చాల్సిందే, అది బతికున్న చెట్లకూ పాకుతుంది. ఎప్పుడో చచ్చి గట్టు మీద నిలబడ్డ మోడును కాల్చడం వల్ల మాత్రం ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

యూరప్‌లో ఈ మోళ్ళకు ఇప్పుడు గౌరవం ఎక్కువ. లండన్ దగ్గరి విండ్సర్ అడవిలో, ముసలి బీచ్ చెట్ల మొదట్లోని తొర్రపొడిలో బతికే ఊదారంగు చిటుకు పురుగుకు చట్టమే రక్షణ ఇస్తుంది. చెట్టు ముసలిదయ్యాక తొర్ర పడటానికి, ఆ తొర్రలో సరైన పొడి తయారవడానికి శతాబ్దాలు పడుతుంది. నడుమ ఒక తరం చెట్లు కొట్టేస్తే ఆ గొలుసు తెగినట్టే. చచ్చిన కర్రమీద బతికే పెంకుపురుగుల్లో 693 జాతులను 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం యూరప్‌లో పరిశీలిస్తే, సుమారు 18 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేలింది. కారణాల్లో ముందున్నది ముసలి చెట్లు కరువవడం. డెల్టాలో రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా నూరేళ్ళ చింతలూ నిద్రగన్నేర్లూ వరసగా నేలకూలుతాయి. బదులుగా నాటే మొక్కకు తొర్ర పడాలంటే మనవల కాలం రావాలి. రామచిలుకకూ పైడికంటికీ తొర్ర పోయిందని అందరికీ కనిపిస్తుంది, తొర్ర అడుగున చేరిన పొడిలో ఏముండేదో ఎవరూ తవ్వి చూడరు.

చూడదలచుకుంటే ఎక్కువ శ్రమ కూడా లేదు. తొలకరికి ముందు, చివికిన మామిడి మొదలు పక్కనున్న బెరడు చెక్కను మెల్లగా ఎత్తాలి. తెల్లగా కొడవలిలా వంగినది కదలక పడుంటే అది పెంటా కర్రా తినే రకం. పసుపుగా మెరుస్తూ వెలుగు తగలగానే సందులోకి జారుకుంటే వేటగాడై ఉండవచ్చు. బెరడును మళ్ళీ ఎలా ఉందో అలా మూసేయాలి, తేమ ఆరిపోతే లోపలున్న వాళ్ళెవరూ బతకరు. ఆ తర్వాత రెండు మూడు వానలకు, రాత్రి ఎనిమిదింటికి, వరండా లైటు కింద టక్‌మని వినిపిస్తుంది.